బిడ్డల చేయి పట్టుకొని తిరణాలకు



బడులకు వేసవి సెలవులు ఇచ్చి వారము తిరగకముందే మన ఇండ్లలో ఒక పోరు మొదలవుతుంది. గోడల మీద, ఆటోల వెనుక ఎగ్జిబిషన్ కాగితాలు కనబడతాయి. పక్కింటి పిల్లలు పోయి వచ్చి, తాము ఎక్కిన రాట్నము గురించి, తిన్న పీచుమిఠాయి గురించి వీధి అరుగు మీద కూర్చొని చెబుతారు. ఇక మన బిడ్డలు ఊరుకొంటారా? తల్లి కొంగు పట్టుకొని ఒకటే అడగడము. తల్లి "మీ నాయననడుగు పో" అంటుంది. నాయన "చూద్దాంలే" అంటాడు. ఆ "చూద్దాంలే"కు అర్థమేమిటో బిడ్డలకు బాగా తెలుసు.

ఇది చిన్న సంగతిగా మాకు తోచలేదు గనుకనే ఈ నెల దీనిని గురించి వ్రాస్తున్నాము. ఇన్నేండ్లుగా ఇండ్లకు పోయి ప్రార్థన చేసి వస్తున్నాము. పెరిగి పెద్దవారయిన బిడ్డలను, తండ్రిని సమాధి చేసిన దినాన, "మీ నాయనను గురించి ఒక మాట చెప్పండి" అని అడుగుతాము. చదివించిన సంగతో, బోరు వేయించిన సంగతో చెబుతారని అనుకొంటాము. అవీ చెబుతారు. గాని కన్నీళ్ళు వచ్చేది మాత్రము వేరే మాట దగ్గర. "ఒకసారి నన్ను భుజాల మీద ఎక్కించుకొని తిరణాలంతా చూపించినాడయ్యా" అంటారు. ఆ ఒక్క దినము ముప్పై నలువై ఏండ్లు నిలిచిపోయింది.

మన చిత్తూరు సీమలో తిరణాలలకు కొదవ లేదు. (2022లో తిరుపతి వేరే జిల్లా అయినది గాని మా నోటికి ఇంకా అంతా చిత్తూరు జిల్లాయే.) శివరాత్రికి శ్రీకాళహస్తి, వినాయక చవితికి మొదలయ్యే కాణిపాకము ఉత్సవాలు, మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర, సంక్రాంతికి చంద్రగిరి పక్క పల్లెలలో పశువుల పండుగ. ఇవి గాక ఏ గుడికీ సంబంధము లేకుండా పట్నాలలో మైదానము అద్దెకు తీసుకొని నడిపే ఎగ్జిబిషన్లు. మన తెలుగు రాష్ట్రాలలో వీటన్నిటికి పెద్దన్న వంటిది హైదరాబాదు నుమాయిష్. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు దానిని చిన్నగా మొదలుపెట్టారు. నాంపల్లి మైదానములో సాధారణముగా జనవరి ఒకటవ తేదీన మొదలై నెలన్నర దాకా జరుగుతుంది. మనకు అంత దూరము పోవలసిన పని లేదు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె చాలు.

మన కుటుంబాలలో ఈ పోరుకు రెండు విధములైన జవాబులు వింటున్నాము. ఒక ఇంటిలో, "అది లోకము, మనకు వద్దు" అంటారు. మాట అంతటితో సరి. ఇంకొక ఇంటిలో, "ఇదిగో వంద రూపాయలు, పక్కింటి అన్న వెంట పోయి రండి" అంటారు. మొదటి ఇంటి బిడ్డ పోడు, లేదా కొంచెము పెద్దయినాక చెప్పకుండా పోతాడు. రెండవ ఇంటి బిడ్డ పోతాడు గాని, ఎవరితో తిరిగినాడో, ఏమి చూచి ఏమి నేర్చుకొన్నాడో ఇంటిలో ఎవరికీ తెలియదు. రెండిండ్లలోను బిడ్డ పక్కన తల్లి గాని తండ్రి గాని లేరు. మా మనవి ఏమనగా, మీరే తీసుకొని పొండి. ఏడాదికి ఒక్క దినము చాలు. ఆ దినము మాత్రము పూర్తిగా వాళ్ళకే ఇవ్వండి.

జాతర సంగతి వేరు. గంగమ్మ జాతర తిరుపతిలో వారము దినాలు జరుగుతుంది. మగవారు, పిల్లలు రకరకాల వేషాలు వేసికొని మ్రొక్కులు తీర్చుకొంటారు. 2023లో ప్రభుత్వము దానిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. అది మన పొరుగువారి ఆరాధన, మనము అందులో పాలు పొందము. ఈ మాట బిడ్డలకు నెమ్మదిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చును. "అక్కడికి పోతే దయ్యము పడుతుంది" అని బెదిరించి చెప్పకండి, అది అబద్ధము. వేషాలను చూచి ఎగతాళి చేయడము నేర్పకండి. రేపు మన ఇంటిలో చావు జరిగితే పాడె మోయడానికి ముందుగా వచ్చేది ఆ పొరుగువారే. అయితే ఒకటి. మన బిడ్డలు ఏడాది పొడుగునా "వద్దు, వద్దు" అనే మాట ఎన్నిసార్లు వింటున్నారో లెక్క పెట్టి చూడండి. ఇన్ని "వద్దు"ల మధ్య ఒక్క "పోదాం పద" కూడా లేకపోతే, మన విశ్వాసము అంటే వద్దనడమే కాబోలు అని వాళ్ళు అనుకొంటారు.

"అయ్యగారూ, రాట్నము ఎక్కడము కూడ పాపమేనా?" అని ఒక పెద్దాయన నిజముగానే అడిగినాడు. ద్వితీయోపదేశకాండము పదునారవ అధ్యాయము తీసి చూడండి. పండుగలో ఎవరెవరు సంతోషించాలో అక్కడ ఒక్కొక్కరిని పేరుపేరున చెప్పి ఉంది. ఇంటి యజమాని, కుమారుడు, కుమార్తె, పనివాడు, పనికత్తె, లేవీయుడు, పరదేశి, తండ్రి లేని బిడ్డ, విధవరాలు. పెద్దలు సంతోషించి పిల్లలు ఇంటి దగ్గర కాపలా ఉండాలని లేదు. (లేవీయుడు కూడ ఆ వరుసలో ఉన్నాడు గనుక, మీరు పోయేటప్పుడు మీ పాస్టరుగారిని ఒక మాట పిలిస్తే తప్పు లేదు.) యెరూషలేముకు మంచి దినాలు వస్తే ఎట్లుంటుందో చెబుతూ జెకర్యా ప్రవక్త చూపించినది వీధుల నిండా ఆడుకొనే మగపిల్లలను, ఆడపిల్లలను. అంతకంటె మాకు వేరే అనుమతి అక్కరలేదు.

ఇక ఖర్చు. "మాకు అంత శక్తి ఎక్కడిది?" అనేవారి బాధ మాకు తెలుసు. మామిడి కోతకు పోయే ఇల్లు, పాలు పోసి బ్రతికే ఇల్లు దినము కూలి వదలుకొని పట్నము పోవడమంటే మాటలు కాదు. ఇప్పుడు ఒక మేలు జరిగింది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి, ఆడపిల్లలకు టిక్కెట్టు లేదు. గుర్తింపు కార్డు మాత్రము మరచిపోకండి. ఐదేండ్లు నిండని బిడ్డలకు ఎటూ టిక్కెట్టు లేదు, పన్నెండేండ్ల లోపు వారికి అర టిక్కెట్టు. కాబట్టి తల్లి ఇద్దరు ఆడబిడ్డలతో పోతే దారి ఖర్చు సున్న. తండ్రి వస్తే అతనొక్కడికే టిక్కెట్టు.

అన్నము ఇంటి నుండి కట్టుకొని పోండి. పెరుగన్నము, ఊరగాయ, వేయించిన చెనిక్కాయలు, మూడు నాలుగు సీసాల నీళ్ళు. ఎగ్జిబిషన్ లోపల ఆకలితో కొన్నది ఏదీ చవకగా దొరకదు. ఎండకు నిలవ ఉన్నవి తిని మరునాడు డాక్టరు దగ్గరకు పరుగెత్తడము ఇంకొక ఖర్చు. డబ్బు సంగతిలో మేము పాటించే పద్ధతి ఒకటి ఉంది. బయలుదేరక ముందే ప్రతి బిడ్డకు ఇంత అని వాళ్ళ చేతిలో పెడతాము. ఎక్కువ కాదు, మా వీలును బట్టి. అది వాళ్ళది. రాట్నమే ఎక్కుతారో, బొమ్మే కొంటారో వాళ్ళ ఇష్టము. అయిపోతే అయిపోయినట్టే. ఇట్లా చేస్తే అంగడి అంగడి దగ్గర ఏడ్పు ఉండదు. అంతకంటె ముఖ్యముగా, ఐదేండ్ల బిడ్డ రెండు కోరికల మధ్య నిలబడి ఆలోచించడము మనము కండ్లారా చూస్తాము. మా చిన్నవాడు పోయిన వేసవిలో బుడగ దగ్గర నుండి రాట్నము దగ్గరకు, రాట్నము దగ్గర నుండి బుడగ దగ్గరకు నాలుగు సార్లు తిరిగినాడు. మేము నోరు మెదపలేదు. చివరకు వాడు కొన్నది రెండూ కాదు, ఒక పీపీ. దారి పొడుగునా బస్సులో అందరి చెవులూ చిల్లులు పడినాయి.

ఆ దినము మేము, మా గృహిణి, మా ఇద్దరు బిడ్డలు, సంఘములో ఒక విధవరాలి కుమారుడు కలిసి పోయినాము. ఉదయము ఎండ ముదరక ముందే తిరుపతి చేరి, మొదట అలిపిరి వైపు ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకొని పోయినాము. అది 1993 నుండి ఉంది. పల్లె బడులలో చదివే బిడ్డలకు చేతితో తాకి, తిప్పి చూచే వస్తువులు దొరకడము అరుదు. కాబట్టి ఎగ్జిబిషన్‌కు పోయే దినాన పగటి పూట అక్కడికి పోవడము మంచిది. నీడ ఉంటుంది, గుంపు తక్కువ. చెట్టు కింద అన్నము తిని, చిన్నవాడు ఒడిలో నిద్ర పోయి లేచినాక, సాయంకాలము నాలుగున్నరకు మైదానానికి చేరినాము. చాలమంది చీకటి పడి దీపాలు వెలిగినాక పోతారు. దీపాలు అందమే గాని, చిన్న బిడ్డలతో పోయేవారు వెలుతురు ఉండగా పోయి, ఒక గంట దీపాలు చూచి, జనము విరగబడక ముందే బయటికి రావాలని మా అభిప్రాయము.

లోపలికి పోయిన తరువాత ఒక్కసారి మీరు బిడ్డ ఎత్తుకు వంగి చూడండి. నాలుగేండ్ల బిడ్డకు తిరణాలలో కనబడేది ఏమిటి? మోకాళ్ళు, పంచె అంచులు, చేతి సంచులు, దుమ్ము. మనకు రాట్నము కనబడుతున్నది గనుక వాళ్ళకూ కనబడుతున్నదని అనుకొంటాము. "ఇంత ఖర్చు పెట్టి తీసుకొని వస్తే ఏడుస్తావేమిరా" అని కసరుకొనే తండ్రులను ప్రతి ఎగ్జిబిషన్‌లో చూస్తాము. ఆ బిడ్డకు కనబడక ఏడుస్తున్నాడు. ఎత్తుకొంటే సరిపోతుంది. భుజము నొప్పి పుడుతుంది, నిజమే. ఆ నొప్పి రెండు దినాలుంటుంది.

జెయింట్ వీల్ దగ్గర మా కుమార్తె అడిగిన ప్రశ్నకు జవాబు కోసము మేము తరువాత పుస్తకము వెదకవలసి వచ్చింది. "దీన్ని ఎవరు కనిపెట్టినారు నాయనా?" అంది. 1893లో అమెరికా దేశములోని చికాగో నగరములో గొప్ప ప్రదర్శన జరిగింది. నాలుగేండ్ల ముందు పారిస్ ప్రదర్శనకు ఈఫిల్ గోపురము కట్టారు గనుక, దానికి దీటుగా ఏదైనా కావాలని అమెరికావారు ఆశపడ్డారు. జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున ఉక్కు చక్రము నిలబెట్టినాడు. దానికి 36 పెట్టెలు, ఒక్కొక్క పెట్టెలో 60 మంది పట్టేవారు. అంటే మన పెద్ద పల్లె ఒకటి మొత్తము ఒకేసారి ఎక్కవచ్చును. అయితే నాలుగు పెట్టెల చెక్క రాట్నాన్ని ఇద్దరు మనుషులు చేతులతో లాగి తిప్పడము మా చిన్నతనములో ఊరి తిరణాలలో మేమే చూచినాము. ఆ రాట్నము కిర్రుమనే చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

చిన్నవాడు రాట్నము ఎక్కనన్నాడు. భయపడినాడు. మేము సరేనన్నాము. పక్కనే ఒకాయన తన కుమారుణ్ణి, "మగపిల్లవాడివి కాదా, ఎక్కు" అని చేయి పట్టి లాగుతున్నాడు. బిడ్డ వద్దంటే వద్దు. పైన ఆగిపోయిన పెట్టెలో కూర్చొని వణికిన బిడ్డ ధైర్యము నేర్చుకోడు, నాయన మాట నమ్మరాదని నేర్చుకొంటాడు. మోటారు సైకిలు బావి కూడ అంతే. ఆ చప్పుడుకు చిన్న బిడ్డలు రాత్రి ఉలిక్కిపడి లేస్తారు.

ఎక్కే వారిని గురించి ఒక మాట. 2018 మే నెలలో, ఇట్లే వేసవి సెలవుల ఎగ్జిబిషన్‌లో, మన రాయలసీమలోనే అనంతపురములో జెయింట్ వీల్ పెట్టె ఊడి పడి పదేండ్ల బాలిక చనిపోయింది. మరికొందరు గాయపడినారు. ఆ తల్లిదండ్రులు కూడ బిడ్డ సంతోషానికే తీసుకొని పోయి ఉంటారు. ఈ మాట మిమ్మును భయపెట్టి ఇంటిలో కూర్చోబెట్టడానికి చెప్పడము లేదు. టిక్కెట్టు కొనక ముందు రెండు చుట్లు నిలబడి చూడండి. పెట్టె తలుపుకు గడియ పడుతున్నదా, కూర్చున్నవారి ముందు అడ్డకడ్డీ వేస్తున్నారా, తిప్పే మనిషి చూపు రాట్నము మీద ఉన్నదా, ఫోను మీద ఉన్నదా? ఏదైనా పెట్టె మిగతావాటి కంటె వంకరగా ఊగుతున్నదా? గాలివాన వచ్చేటట్టున్నా, మీ మనసుకు అనుమానము తోచినా, వెనుకకు రండి. టిక్కెట్టు కొని ఉన్నా రండి. "డబ్బు ఇచ్చినాము గదా" అని ఎక్కించవద్దు.

రాట్నము కంటె మాకు ఎక్కువ భయము గేటు దగ్గర. 2025 జనవరి 8వ తేదీన తిరుపతిలో ఏమి జరిగిందో మన ప్రాంతములో ఎవరికీ చెప్పనక్కరలేదు. వైకుంఠ ద్వార దర్శనము టోకెన్ల కోసము కాచుకొని ఉన్న జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు విడిచారు. అది తిరణాల కాదు, ఎగ్జిబిషన్ కాదు. కాని గుంపు ఎక్కడైనా గుంపే. ఇట్లాంటి చోట చాలమంది చనిపోయేది కాళ్ళ కింద పడి అని అనుకొంటాము. నిలబడి ఉండగానే నాలుగు పక్కల ఒత్తిడికి రొమ్ము బిగుసుకొని ఊపిరి ఆడక పోయేవారు ఎక్కువ. పెద్దల నడుము ఎత్తున ఉండే బిడ్డకు గాలి ముందుగా అందదు. అందుచేత మూసిన గేటు ముందు, ఇరుకు దారిలో జనము కూడుతున్నప్పుడు బిడ్డలతో నిలబడవద్దు. చిక్కుకొంటే చిన్నవాళ్ళను పైకి ఎత్తుకోండి. ఖాళీగా ఉన్న చేతిని రొమ్ముకు అడ్డముగా పెట్టుకోండి. జనానికి ఎదురు పోకుండా కొంచెము కొంచెముగా పక్కకు జరుగుతూ అంచుకు చేరండి. చెప్పు ఊడిపోయినా, బొమ్మ కింద పడినా వంగవద్దు.

మైకులో ఆ సాయంకాలము మూడు సార్లు ప్రకటన విన్నాము. "ఎర్ర గౌను వేసికొన్న పాప మా దగ్గర ఉంది, సంబంధించినవారు రావలెను." మేము పోయి చూచినాము. మూడేండ్ల పాప బల్ల మీద కూర్చొని ఎక్కిళ్ళు పెడుతున్నది. "మీ అమ్మ పేరేమి పాపా?" అని అడిగితే "అమ్మ" అంది. "మీ నాయన పేరు?" "నాయన." "మీ ఊరు?" "మా ఊరు." పాపము, ఆ బిడ్డ చెప్పినది అబద్ధము కాదు. అరగంటకు గాజుల అంగడి వైపు నుండి తల్లి పరుగెత్తి వచ్చింది.

మన ఆదివారపు బడులలో ఐదేండ్ల బిడ్డలు ఇరువది మూడవ కీర్తన గడగడ చెబుతారు. బంగారు వాక్యములు నెలకు నాలుగు కంఠతా పట్టిస్తున్నాము. తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, మండలము, ఒక ఫోను నంబరు కంఠతా పట్టించలేమా? పాటలాగ చెప్పిస్తే వారములో వస్తుంది. సండే స్కూలు టీచర్లు దయచేసి వచ్చే ఆదివారము నుండి మొదలుపెట్టండి. మాటలు రాని చిన్నవాళ్ళకు కాగితము మీద నంబరు వ్రాసి చొక్కా లోపలి వైపు పిన్నుతో గుచ్చండి. ఇప్పుడు తిరుమల బ్రహ్మోత్సవాల వంటి చోట్ల పోలీసులే చిన్న బిడ్డల చేతికి నంబరు ఉన్న పట్టీ కడుతున్నారు. ఎగ్జిబిషన్‌లోకి పోగానే అందరూ కలిసి ఒక గుర్తు అనుకోండి, మా ఇంటిలో అది జెయింట్ వీల్ టిక్కెట్ల గది. తప్పిపోతే అక్కడికి రావాలి. రాలేకపోతే ఉన్న చోటనే నిలబడాలి, లేదా బిడ్డలతో ఉన్న ఒక అమ్మను గాని పోలీసును గాని అడగాలి.

ఎవరి బిడ్డయినా మీకు కనబడితే, ఇంటికి తీసుకొని పోయి రేపు చూద్దామని అనుకోవద్దు. మైకు దగ్గరకు, పోలీసు దగ్గరకు తీసుకొని పోండి, లేదా 1098కి గాని 112కు గాని ఫోను చేయండి. 1098 పిల్లల సహాయానికి పెట్టిన నంబరు, 1996లో బొంబాయిలో మొదలైనది, డబ్బు ఖర్చు కాదు. తమవారు దొరకని బిడ్డను 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకొని పోవాలని చట్టము చెబుతుంది.

ఈ పనికి ఒక జీవితమే ఇచ్చిన మనిషి ఉన్నాడు. రాజారామ్ తివారీ అనే ఆయన 1946లో, ఇంకా యువకుడుగా ఉండగా, అలహాబాదు మేళాలో తప్పిపోయిన వారి కోసము శిబిరము పెట్టినాడు. మైకు లేని కాలము. రేకుతో చేసిన గొట్టములో నోరు పెట్టి ఇసుకలో తిరుగుతూ పేర్లు అరిచినాడు. 2016లో కన్నుమూసే వరకు మేళా తరువాత మేళాకు అదే పని. ఆయన మన మతస్థుడు కాడు. కాని తప్పిపోయిన గొర్రె ఉపమానము మేము బోధించినప్పుడెల్లా ఆ రేకు గొట్టము గుర్తుకు వస్తుంది.

బిడ్డ దొరికినప్పుడు తల్లి ఏమి చేసింది? ఎర్ర గౌను పాప తల్లి వచ్చీ రాగానే చెంప మీద ఒకటి వేసింది, ఆ తరువాతనే కౌగిలించుకొని ఏడ్చింది. భయము అట్లా చేయిస్తుంది, ఆమెను తప్పు పట్టడము లేదు. లూకా సువార్త రెండవ అధ్యాయములో ఇట్లాంటి కుటుంబమే ఒకటి ఉంది. నజరేతు నుండి యెరూషలేముకు పండుగకు పోయినారు. ఇంచుమించు మన తిరుపతి నుండి మదనపల్లెకు ఉన్నంత దూరము, నడక. బిడ్డకు పన్నెండేండ్లు. బంధువుల గుంపులో ఉన్నాడులే అని తల్లి, తండ్రి ఒక దినపు ప్రయాణము సాగిపోయినారు. మూడు దినాలకు గాని దొరకలేదు. తిరణాలలో బిడ్డలు తప్పిపోయేది నేటికీ ఇట్లే. తల్లి నాయన దగ్గర ఉన్నాడనుకొంటుంది, నాయన తల్లి దగ్గర ఉన్నాడనుకొంటాడు, ఇద్దరూ అత్త దగ్గర ఉన్నాడనుకొంటారు. దొరికినాక మరియ ఏమి చేసింది? అడిగింది. మేము నిన్ను వెదకుతూ ఎంత దుఃఖపడినామో తెలుసునా, మాకెందుకు ఇట్లా చేసితివి అని అడిగింది. బిడ్డ కూడ జవాబు చెప్పినాడు. ఆ జవాబు ఆ దినాన వాళ్ళకు అర్థము కాలేదట. అయినా తల్లి దానిని మనసులో దాచుకొంది. చెంపదెబ్బకు ముందు ఆ ప్రశ్న వస్తే బాగుండును.

ఈ కాలములో తప్పిపోవడానికి ఇంకొక దారి తెరచుకొంది. ఫోను. బిడ్డను రాట్నము గుర్రము మీద కూర్చోబెట్టి, తండ్రి ఫోటో తీసి, అక్కడే నిలబడి దానిని పదిమందికి పంపుతాడు. రాట్నము ఆగుతుంది, బిడ్డ దిగుతాడు, తండ్రి తల ఎత్తడు. గుర్రము మీద తిరిగి వచ్చిన ప్రతిసారీ బిడ్డ కండ్లు మన కోసము వెదకుతాయి. అప్పుడు మనము చేయి ఊపకపోతే ఆ రాట్నానికి టిక్కెట్టు కొన్నది దండుగ. ఒక ఫోటో తీసికోండి, చాలును. పెద్ద నంబర్లు నొక్కి పిలువడానికి మాత్రము ఫోనును చార్జింగుతో ఉంచుకోండి.

ఆడబిడ్డలు ఉన్నవారు లోపలికి పోగానే మరుగుదొడ్డి ఎక్కడుందో చూచుకోండి. చాల చోట్ల ఉండదు, ఉన్నా పోయేటట్టు ఉండదు. నిర్వాహకులను అడగడానికి సిగ్గుపడవద్దు. పదిమంది అడిగితే మరుసటి ఏడు పెడతారు.

మాతో వచ్చిన విధవరాలి కుమారుని సంగతి చెప్పలేదు. వానికి ఎనిమిదేండ్లు. తండ్రి బెంగుళూరులో కట్టడపు పనికి పోయి అక్కడే చనిపోయినాడు. తల్లి పాలకేంద్రములో పని విడిచి రాలేదు. మా బిడ్డలకు ఇచ్చినంత డబ్బే వాని చేతిలో కూడ పెట్టినాము. మా బిడ్డలు గంటలో ఖర్చు చేసినారు. వాడు మడిచి జేబులో పెట్టుకొని, ప్రతి అంగడినీ నిలబడి చూచి, ఏమీ కొనలేదు. మేము బలవంతము చేయలేదు. బయటికి వచ్చే దారిలో గాజుల అంగడి దగ్గర ఆగి, "అయ్యగారూ, మా అమ్మ చేతి కొలత నాకు తెలీదు, అమ్మగారి చేతికి పెట్టి చూడనా?" అని అడిగినాడు. మా గృహిణి చేయి చాపింది. ఆరు గాజులు బేరమాడి కొన్నాడు, మిగిలిన పది రూపాయలకు పీచుమిఠాయి తీసికొన్నాడు, దానిని మా చిన్నవానికి సగము పెట్టినాడు.

ఆ రాత్రి బస్సులో మేమూ మా గృహిణీ మాట్లాడుకొని, సంఘ పెద్దలతో కూడ చెప్పినాము. వచ్చే వేసవిలో మా సంఘము నుండి బిడ్డలను ఇట్లే తీసుకొని పోవాలని అనుకొన్నాము. ఇద్దరు చిన్న బిడ్డలకు ఒక పెద్ద మనిషి, అంతకు తక్కువైతే బస్సు ఎక్కము. తండ్రి లేని బిడ్డలకు, వలస పోయిన వారి బిడ్డలకు దారి ఖర్చు కానుకల పెట్టె నుండి కాదు, మనలో ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క బిడ్డను తీసికోవాలి. ఇప్పటికి నాలుగు ఇండ్లవారు పేర్లు ఇచ్చినారు. ఇంకా ముగ్గురు బిడ్డలు మిగిలినారు.